కలుపుమందు చల్లిన తోట

“వదినా! తోటలో కలుపుమందు కొట్టించారా?”

కొబ్బరి తోటలోంచి పరుగెత్తుకొచ్చింది సియేనీ. చాప అల్లుతున్న లోసా తల కూడా ఎత్తలేదు.

“కొట్టించాను. అయితే ఏంటట? రెండేళ్లుగా పందిలా మట్టిలో పొర్లుతూ కలుపు పీకుతున్నావ్! నీవల్ల చర్చిలో తలెత్తుకోలేకపోతున్నాను. ఊరి సభలో చోటు లేని ఇంటి నుంచి వచ్చావు... నువ్వా మాకు సేద్యం నేర్పేది?”

సియేనీ భర్త వైపు చూసింది. పీటా నేల చూపులు చూశాడు. అక్క మాట కాదన్న తమ్ముడు ఆ సవాయి దీవిలో ఇంకా పుట్టలేదు!

పన్నెండు ఇళ్ల కొబ్బరి ఒకే నూనె మరలో పడుతుంది. మందు తగలని తోటల నూనె అనే ముద్ర ఉంది కనుకే పై దేశాలవాళ్లు కొంటున్నారు. ఆ మర వచ్చాకే ఊళ్లో ఆడపిల్లలు రాజధాని ఆపియా హోటళ్లలో గిన్నెలు తోమడానికి వెళ్లడం మానేశారు... ఒక్క తోటలో మందు సంగతి దాచినా, దొరికితే పన్నెండిళ్ల ముద్రా పోతుంది!

“ఎల్లుండే తనిఖీ వదినా...”

“మాడిన గడ్డి మీద కొబ్బరి మట్టలు పరిచెయ్. ఎవడు చూస్తాడు?”

ఎవరూ చూసేవారు కారేమో! కానీ తనిఖీ రోజున, ఊరందరి ఎదుట, సియేనీయే లేచి నిలబడింది.

“మా తోటలో మందు పడింది. మా ఒక్క ఇంటి పేరు కొట్టేయండి. మిగతావాళ్ల కొబ్బరిలో మాది ఇంకా కలవలేదు.”

“మూడేళ్ల దాకా మీ కాయ మరకెక్కదమ్మా,” అన్నాడు తనిఖీకొచ్చిన అధికారి. “ఎవరు కొట్టారు?”

“కాపలా నాది... తప్పూ నాదే.”

“అనుకున్నాం!” మర పెత్తనం చూసే ఫాలువా మూతి తిప్పింది. “ఏ గతీ లేని ఇంటి పిల్లని తెచ్చుకుంటే ఇంతే. అత్తింటి నోట్లో మట్టి కొట్టింది!”

ఆడవాళ్లంతా నవ్వారు. తను రోజూ అనే మాటలే పరాయి నోట వినేసరికి, లోసా ముఖం నల్లబడిపోయింది...

“నోళ్లు ముయ్యండే!” ఒక్కసారిగా లేచింది. “కొట్టించింది నేను! దాచమన్నదీ నేనే! ఇది నోరు విప్పకపోతే ఈపాటికి మీ అందరి నోళ్లలోనూ మట్టే!” సియేనీ వైపు తిరిగి, “నా తప్పు నెత్తినేసుకోమని నిన్నెవరడిగారే, పిచ్చిదానా!” అంటూ భోరుమంది.

ఆ పూట ఇంట్లో లోసా చేపా, చేమదుంపా వడ్డించిన పళ్లెం మొదట మరదలి ముందు పెట్టింది. పెద్దలు తింటుంటే పక్కన కూర్చుని ఈగలు తోలడం, కాపురానికొచ్చిన ఆరేళ్లుగా సియేనీ పని. అలవాటుగా విసనకర్ర కోసం చెయ్యి చాచింది.

లోసా ఇవ్వలేదు. తనే విసురుతూ, కళ్లు తుడుచుకుంటూ కసిరింది:

“ఏంటలా చూస్తావ్? తిను... చల్లారిపోతోంది!”