రెండో కప్పు పోసిందెవరు?

వంటబండి చక్రానికి కట్టేసి ఉన్న ఓర్లీనాకు ఎటు చూసినా గడ్డి మైదానమే. అంత ఖాళీలోనూ పారిపోయే దారి లేదు. అమెరికాలోని వయోమింగ్‌లో ఆ మూల పోలీసు లేడు, జడ్జి లేడు. పశువులు కాసే మగాళ్లు తేల్చిందే తీర్పు. పొద్దు గుంకేలోగా ఆమెను ఉరి తీయాలని తేల్చేశారు.

యజమాని హార్‌గ్రేవ్ నిన్న భోజనమయ్యాక కాఫీ తాగి, కొయ్యబారిపోయి ప్రాణం విడిచాడు. తోడేళ్లకు పెట్టే విషమని అందరికీ అర్థమైంది. కాఫీ కాచింది ఓర్లీనా.

దూడల మీద కాల్చి వేసిన యజమాని ముద్రలు మార్చి కాజేస్తున్నదెవరో కనిపెట్టమని హార్‌గ్రేవ్ పిలిపించిన ప్రైవేట్ డిటెక్టివ్ వెదర్‌బీ, అసిస్టెంట్ టోబిన్‌తో గుర్రం దిగేసరికి పిలిచినవాడు గోతిలో ఉన్నాడు.

"కాఫీ ఎవరిచ్చారు?" వెదర్‌బీ అడిగాడు.

"ఇంకెవరు, వంటక్కే," అన్నాడు పశువులు తోలే పైక్.

ముద్రలు వేయించే మేస్త్రీ రూఫస్ తల ఊపాడు. "నేను జీనుకి ఆనుకుని కూర్చున్నా సార్. లేవనే లేదు."

"మొదటి కప్పే నేను పోసింది బాబూ! తర్వాత గిన్నెలు తోమడానికి వాగుకి పోయా," అంది ఓర్లీనా.

"దొరికాక ఎవరైనా అదే అంటారు," అన్నాడు రూఫస్.

వెదర్‌బీ అందరినీ మంట చుట్టూ కూర్చోబెట్టాడు. తాను లేచి కెటిల్ అందుకుని, తన కప్పు ఒక్కటే నింపుకున్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లంతా గోల చేశారు. "కెటిల్ దగ్గరున్నోడా!" అని కేక వేశాడు పైక్. "టౌన్లో ఇదేనా మర్యాద? లేచినోడే అందరికీ పొయ్యాలి!"

"తెలుసు. నిన్న ఇలా ఎవర్ని కేకేశావు?"

పైక్ రూఫస్ వైపు తిరిగాడు. "రూఫస్‌ని... రోజూ ఉండేదే కదా సార్, అదీ ఇవ్వడమేనని తోచలేదు."

టోబిన్ కళ్లు మెరిశాయి.

"కెటిల్ ఒకటే, చనిపోయింది ఒక్కడే. అంటే విషం కలిసింది కప్పులో," అన్నాడు వెదర్‌బీ. "మొదటి కప్పు తాగి హార్‌గ్రేవ్‌తో సహా అందరూ బాగానే ఉన్నారు. రెండోది పోసినవాడు లేవనే లేదంటున్నాడు. నేనొస్తే ముద్రల దొంగతనం బయటపడుతుంది. ఆ ముద్రలు వేయించేదెవరు?"

రూఫస్ చెయ్యి తుపాకీ మీదికి పోయింది. పైక్ వాడి మీద పడ్డాడు. రూఫస్ కోటు జేబులో విషం సీసా దొరికింది.

ఓర్లీనా కట్లు విప్పారు. వెంటనే రూఫస్‌ని ఉరి తీయడానికి వాగు ఒడ్డు చెట్ల వైపు ఈడ్చారు.

"జడ్జి దగ్గరికి తీసుకెళ్దాం," అన్నాడు వెదర్‌బీ. ఎవరూ వినలేదు.

ఓర్లీనా వాళ్లకు అడ్డంగా నిలబడింది.

"తప్పుకో అక్కా. ఈసారి పొరపాటు లేదు," అన్నాడు పైక్.

"నన్ను కట్టేసినప్పుడూ నీకింత నమ్మకమే కదరా!"

పైక్ రూఫస్ చెయ్యి వదిలేశాడు.