మిద్దె మీద ఎర్రబొంత

తల్లి ప్రాణం పోతుంటే కూతురు గాలిమర దిగి రాలేదు. కంబదూరులో పరుపులు కుట్టే అబ్దుల్ గఫూర్ ఇంట్లో రెండేళ్ళుగా ఇది తేలిపోయిన విషయం. దాని మీద ఎవరూ వాదించరు. గఫూర్ వాదించనివ్వడు.

కూతురు హీనా ఊరి పక్క గుట్ట మీది గాలిమరల్లో పని చేస్తుంది. నడుముకు బెల్టు కట్టుకుని పైకెక్కి రిపేర్లు చూస్తుంది. ఇప్పుడు కంపెనీ ఆమెను ఏడాదిపాటు స్వీడన్‌కు పంపుతోంది. అక్కడ ఉత్తరాన గాలిమరల రెక్కల మీద మంచు పేరుకుంటుందట. ఆ చలిలో పని నేర్చుకుని రావాలి. ప్రయాణం శుక్రవారం.

ఆ పొద్దున హీనా వసారాలో కూర్చుని మందపాటి చేతితొడుగులు వేసుకుంది. ముందు పళ్ళెం నిండా సోడా అంగట్లో తెచ్చిన ఐసు. ఐసులో నట్లు. ఒక్కొక్కటీ ఏరి బోల్టుకు ఎక్కిస్తోంది. సగం జారిపోతున్నాయి. ఎండ అప్పుడే మండుతోంది.

అన్న సైఫుల్లా దూదేకే మిషను ఆపి వచ్చి చూశాడు. "ఏమ్మే, ఈ ఐసులో రెండు నిమ్మకాయలు పిండుంటే షర్బతన్నా అయ్యుండు గదా."

"నవ్వన్నా, నవ్వు. ఆడ నట్టు జారితే మంచులో యాడ వెతికేది?"

"ఆడ ఎండాకాలం పొద్దే మునగదంట. రంజాన్ అప్పుడొస్తే ఒక్కపొద్దు ఎట్ల ఇడుస్తావు?"

"ఆడుండే మనోళ్ళను అడిగినా. పొద్దు మునిగే ఊరి టైము చూసి ఇడుస్తారంట."

"అందరినీ అడిగినావు. నాయన్ను తప్ప."

మూలన దిండు కుడుతున్న గఫూర్ తల ఎత్తలేదు. "నన్నడిగేదేముంది? మీద కూసున్నోళ్ళకు కింద ఎవరు బతికినా ఎవరు సచ్చినా కనపడరు."

హీనా తొడుగులు లాగి పళ్ళెంలో పడేసింది. "పోతా నాయనా. నువ్వు పొమ్మన్నా పోతా, వద్దన్నా పోతా."

"పో. ఎవరు పట్టుకున్నారు?"

ఆమె లోపలికి పోయి పెట్టె తెరిచింది. అడుగున ఉన్న ఎర్రబొంతను తెచ్చి బ్యాగు పక్కన పెట్టింది. తల్లి హలీమాబీ తన పాత చీరలు పరిచి, పైన ఎర్రగుడ్డ వేసి కుట్టుకున్న బొంత అది. ఆమె పోయాక ఎవరూ దాన్ని బయటికి తీయలేదు.

"దాన్ని ఆడ పెట్టు," అన్నాడు గఫూర్.

"తీసకపోతా."

"కంపెనీవాళ్ళు చలికోట్లు ఇస్తారంటివే. అవి తొడుక్కో. మీయమ్మ బొంత నీకెందుకు? మీయమ్మ పోతాంటే ఎన్నిసార్లు ఫోన్ చేస్తి! ఎత్తినావా?"

"ఫోన్ కింద జీపులో ఉండె. పైకి తేనియ్యరు. నీకు తెల్సు."

"నువ్వు దిగొచ్చే యాళకు చాప మీద శవముండె."

"ఇడువు నాయనా..." అన్నాడు సైఫుల్లా.

"నువ్వు నోరు మూసుకోరా."

తల్లి పోయిన రోజు మాట నాయన ఎత్తినప్పుడల్లా హీనా లోపలికి పోయేది. ఈసారి పోలేదు.

"ఎందుకు దిగలేదో ఒక్కసారన్నా అడిగినావా? మర మీదనుంచి మన మిద్దె కనపడతాది. అమ్మ దినామూ ఈ బొంతను పిట్టగోడ మీద ఏస్తుండె. అది కనపడితే ఇంట్లో బాగుండారని గుర్తు. కనపడకపోతే నేను దిగి ఫోన్ చెయ్యల్ల. ఇది మా ఇద్దరికే తెల్సు. ఆ దినం మధ్యాహ్నం తిండికి దిగుదామనుకుంటి. బొంత గోడ మీదనే ఉండె. బాగుండారులే అని ఇంకో బోల్టు బిగిస్తి."

గఫూర్ చేతిలో సూది ఆగింది.

ఆ రోజు పొద్దున హలీమాబీ ఛాతీ పట్టేసినట్టుందని చాప మీద పడుకుంది. కాసేపటికి సర్దుకుంటుందిలే అంది. ఎర్రబొంత మిద్దె మీద వేసి రమ్మంది. ఎండిన బొంతను మళ్ళీ ఎండేసేదేంటని అతడు విసుక్కున్నాడు. "చెప్తే ఇనవేం? ఏసి రాపో," అందామె. మిద్దె ఎక్కి వేసి వచ్చాడు.

"ఆ దినం దాన్ని ఏసింది నేను," అన్నాడు. "లేవలేక నన్ను పంపె. గాలికి పోకుండా రాళ్ళు గూడా పెడితి."

"నిన్ను పంపిందా?" హీనా బొంత మీద చెయ్యి వేసి అట్లాగే కూలబడింది. "లేవలేకున్నా గూడా... బాగుండానని నాకు చెప్పి పంపింది నాయనా."

ఆమె ఏడ్చింది. సైఫుల్లా గోడ వైపు తిరిగాడు. గఫూర్ కళ్ళు తుడుచుకోలేదు. కారినంతసేపు కారనిచ్చాడు.

తర్వాత బొంతను ఒడిలోకి లాక్కున్నాడు. ఒక మూల కుట్టు విడిపోయి ఉంది. సూదిలో ఎర్రదారం ఎక్కించి కుట్టాడు. మడిచి బ్యాగులో కుక్కాడు. పట్టలేదు.

"బరువెక్కువైతాది నాయనా."

"ఊరగాయ తీసెయ్."

"నాకియ్యండి," అన్నాడు సైఫుల్లా ముక్కు తుడుచుకుంటూ. "నేను తింటా."

గఫూర్ జిప్పు లాగాడు. "ఆడ మిద్దె ఉండదు. కిటికీ ఉంటాదా?"

"ఉంటాది."

"దాంట్లో ఏసి ఫోటో పంపు. దినామూ. ఫోటో రాలేదంటే ఫోన్ చేస్తా. ఎత్తల్ల."

"ఎత్తుతా."

"ఇంకోటి. ఆ దినం సంగతి ఈ ఇంట్లో మళ్ళా ఎవరూ ఎత్తగూడదు."

"నాయనా, నేను..."

"ఎత్తగూడదంటి గదా."

దిండు తీసుకుని మళ్ళీ కుట్టడం మొదలుపెట్టాడు. క్షమించమని ఆమె అడగలేదు. అతడూ అడగలేదు. ఆ రోజు సంగతి తర్వాత ఎవరు అడిగినా గఫూర్ చెప్పలేదు. ఇక చెప్పడు.