“మీవాళ్ళు వెళ్ళిపోయారా?”

అన్యాయం జరిగింది మా ఇంట్లో ఏడాదిపాటు ఉండి చదువుకున్న పిచ్చుకకి. జరిగింది మార్చి పదమూడున, చీకటిపడే వేళ. పరాయి దేశపు పిల్ల, పిడికెడు మనిషి, వాగుడు మాత్రం ఆగదు— అందుకే ఆ పేరు పెట్టాను. నన్ను పిన్నీ అనేది. తన నోట విన్నది విన్నట్టు చెబుతున్నాను.

కొండ కనుమలో, రోడ్డు మలుపు దగ్గర, మూతబడ్డ లాడ్జి ఒకటుంది. దానికి మంచి పేరు లేదు. ఎప్పుడో ఒక ప్రయాణికురాలిని తోటివాళ్ళే అక్కడ వదిలేసి పోయారట. మంచులో ప్రాణం పోయిందట. అప్పట్నుంచీ ఒంటరిగా ఆ వరండా ఎక్కినవాళ్ళని లోపల్నుంచి ఒక గొంతు అడుగుతుందట—

“మీవాళ్ళు వెళ్ళిపోయారా?”

అవునన్నవాళ్ళు మళ్ళీ కనబడరట.

ఇలా చదువుకోడానికి వచ్చిన పిల్లల్ని బస్సెక్కించి మూడు వారాలు దేశమంతా తిప్పుతారు. టూరు మేడం తలలు లెక్కపెట్టదు. జతలు కట్టింది. బస్సు కదిలే ముందు “నీ జత?” అని అడిగితే “ఉంది” అనాలి. ఎవరి సంగతి వాళ్ళు చెప్పుకుంటే కుదరదు, ఒకరినొకరు చూసుకునే అలవాటు రావాలట. పిచ్చుక జత నిచ్చెన. మనిషి పొడుగు. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే బడి, వచ్చింది కూడా ఒకే విమానంలో.

మర్నాడు కనుమ కింది పట్నంలో సభ. పిల్లలందరి తరఫునా ఒకరు మాట్లాడాలి. ఇద్దరూ పోటీ పడితే పిచ్చుకని ఎంచారు. “నువ్వైతేనేం, నేనైతేనేంటే!” అని నిచ్చెన కౌగిలించుకుని బుగ్గ మీద ముద్దు కూడా పెట్టింది. దొంగ మొహం.

కనుమ ఎక్కేసరికి ఇంజను వేడెక్కి బస్సు ఆ లాడ్జి దగ్గరే ఆగింది.

“గుంపుగా చూసి రండి. ఒక్కళ్ళే మాత్రం పోకండమ్మా” అన్నాడు డ్రైవరు.

అందరూ పోయి ఫొటోలు దిగి తిరిగొచ్చారు. అప్పుడు నిచ్చెన గుసగుసగా అంది—

“నా శాలువా ఆ వరండాలో వదిలేశానే... నాకు భయం. నీకు దెయ్యాలంటే నవ్వులాటగా, తెచ్చిపెట్టవే.”

“ఈలోగా బస్సు కదిలితే?”

“నేను ఉందంటేనేగా కదిలేది!”

ఫోను సీటు దగ్గర చార్జింగులో వదిలేసి పిచ్చుక దిగింది.

వరండాలో మసక చీకటి. శాలువా దొరికింది. వంగి తీసుకుంటుంటే— తలుపు వెనక ఎవరో ఊపిరి తీసిన చప్పుడు.

“మీవాళ్ళు... వెళ్ళిపోయారా?”

పిచ్చుక శాలువాని గుండెకి అదుముకుంది. అయినా ఆ నోరు ఊరుకుంటుందా—

“లేదు. నా జత ఉంది. నేను లేకుండా బస్సుని కదలనివ్వదు.”

అంతలో ఇంజను రొద. తిరిగి చూస్తే, మలుపులో రెండు ఎర్ర దీపాలు... తర్వాత ఒకటే... ఆ తర్వాత వట్టి చీకటి.

మళ్ళీ అదే గొంతు, ఈసారి చెవి పక్కనే—

“మరి ఇప్పుడో?”

కిర్రుమని తలుపు తెరుచుకుంది. ముందు ఒక చెయ్యి... చేతిలో లాంతరు... వెనక రబ్బరు బూట్లలో ఒక ముసలామె.

“హడలిపోకే తల్లీ, బతికే ఉన్నాను. ఈ లాడ్జి మా ఆయనది. ఆయన పోయాక ఒంటరిదాన్ని. దెయ్యం కథ నేనే పుట్టించా. ఇంతకన్నా గట్టి తాళం ఏ కొట్లో దొరుకుతుంది?”

“మరి నాకెందుకు తలుపు తీశారు?”

“నిజంగా వదిలేసి పోయారుగా.”

పిచ్చుక లోపలికి పోలేదు. వరండాలోనే కూర్చుంది. నా జత వచ్చేస్తుంది, చెప్పడం మరిచిపోయి ఉంటుంది, వచ్చేస్తుంది... ముసలామె దుప్పటి కప్పింది.

“లోపలికి రా. వచ్చే బస్సైతే ఈపాటికి వచ్చేది.”

పొద్దున్నే పాలవ్యాను ఎక్కించింది. పట్నంలో సభ జరుగుతోంది. వెనక తలుపు దగ్గర టూరు మేడం ఎదురైంది.

“జ్వరం తగ్గిందా? రాత్రి అసలు లేవలేదటగా! నీ జత చెప్పింది, పాపం నీ బదులు తనే మాట్లాడుతోంది.”

కొందరంటారు, చిన్నపిల్ల, మేడం అడిగితే “ఉంది” అని ఏదో నోరు జారిందిలే అని. సరే, సాయంత్రం నోరే జారిందనుకుందాం. రాత్రి జ్వరమని చెప్పించింది ఏ దెయ్యం?

వేదిక మీద నిచ్చెన.

“నేను బయల్దేరే రోజు మా అమ్మ నేల మీద కూర్చుని నా బూట్ల లేసులు కట్టింది. ఇంత పిల్లకి నేను కట్టడమేంటని నవ్వుతూనే ఏడ్చింది...”

ఆ అమ్మ పిచ్చుక అమ్మ. నిచ్చెన తల్లి విమానాశ్రయానికే రాలేదు. మాటలు దొంగిలించారంటే విన్నాను గానీ, తల్లిని కూడా దొంగిలించిన మనిషి గురించి వినడం అదే మొదలు.

అప్పుడు నిచ్చెన తలెత్తింది.

వెనక, తలుపు వెలుతురులో, దుప్పటి కప్పుకుని కదలకుండా నిలబడ్డ మనిషి... నిచ్చెన మొహంలో నెత్తురు చుక్క లేదు. పెదాలు ఆడాయి గానీ మాట రాలేదు. చేతిలో మైకు జారి ధన్‌మంది.

ఈ కథ మొత్తంలో దెయ్యాన్ని చూసిన మనిషి అదొక్కతే.

తల్లి మీద బెంగతో గొంతు పూడుకుపోయిందనుకుని హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. పిచ్చుక ఎవరితోనూ ఏమీ అనలేదు. నాకు జరిగిందంతా చెప్పి, చివర అన్నది ఒక్కటే— “ఆ ముసలామె గొంతుకి భయపడి చచ్చాను పిన్నీ. భయపడాల్సింది దానికి కాదు.”

ఆనాటి ఫొటో అద్దం బిగించి ఇప్పటికీ వాళ్ళిద్దరి బడి గోడకి వేలాడుతోంది. కింద నిచ్చెన పేరు. పేరు కింద, ఉత్తమ ప్రసంగం. దాని కింద తేదీ— మార్చి పద్నాలుగు.