పంటికి పెట్టిన హారం

నాకు బంగారం మీద మోజు లేదంటే చుట్టాల్లో ఎవరూ నమ్మరు. నా పిచ్చంతా పాత గిల్టు నగల మీద. మెరుపు చచ్చిన గాజురాళ్లు, పూత వెలిసిన గొలుసులు, ఏ కాలంలోనో ఇంగ్లీషు సీమ నుంచి ఓడలో దిగిన బ్రోచి పిన్నులు... ఆదివారం వచ్చిందంటే సైదాబాద్‌లో ఇల్లూ పిల్లా మా ఆయన భరద్వాజ్‌కి అప్పజెప్పి పాతబస్తీ సందులు పట్టుకునేదాన్ని. "మనింటికి దొంగలొస్తే జాలిపడి ఏదో ఒకటి పెట్టి పోతారు మైథిలీ" అని ఆయన ఎగతాళి చేసేవారు.

తిరగ్గా తిరగ్గా నాకు సరుకు తెలిసింది. కొక్కెం చూస్తే కాలం, వెనకవైపు పూత చూస్తే ఎక్కడ చేశారో చెప్పేదాన్ని. పత్తర్‌గట్టి ముత్యాల దుకాణాల్లో కూచుని కూచుని ఇంకో అలవాటు కూడా పట్టుబడింది. పూసని ముందు పళ్ల అంచున మెల్లగా రుద్ది చూడటం. అసలు ముత్యమైతే సన్నటి ఇసక తగిలినట్టు గరగరమంటుంది. గాజుపూస నున్నగా జారిపోతుంది. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, పక్కింటావిడ మెడలో ప్లాస్టిక్ దండ చూసినా నా పళ్లు ఊరుకునేవి కావు.

2002 వానాకాలం. పత్తర్‌గట్టి వెనక సందులో సక్కుబాయి అనే పెద్దావిడ దగ్గర పాత హారం ఉందని తెలిసి వెళ్లాను. మధ్యాహ్నమే గానీ మబ్బు కమ్మి గదంతా చీకటిగా ఉంది. కరెంటు లేదు. తడిసిన సున్నం వాసన, పెట్టెలో మగ్గిన బట్టల వాసన, వాటి వెనక ఎక్కడో ఎండిపోయిన అత్తరు వాసన. బయట రేకు మీద వాన ఆగకుండా కొడుతోంది.

"మా అత్తదమ్మా ఇది. ఆమె నవాబుల దేవిడీల పనిచేస్తుండె. ఆడి బేగం సాబ్ పోయినంక మా అత్తకొచ్చింది" అంది సక్కుబాయి, గుడ్డ విప్పుతూ. "ముందే చెప్తున్న, అసలుది గాదు. ఉత్త గాజుపూసలు."

"అసలుదైతే నాకొద్దమ్మా. నకిలీ అయితేనే తీసుకుంటాను."

సక్కుబాయి వింతగా చూసి నవ్వింది. "చాయ్ తెస్త, కూసో" అని లోపలికి పోయింది.

మూడు పేటల హారం. ఎంత శ్రద్ధగా చేశారో! దూరం నుంచి చూస్తే ముత్యాలని ఎవరైనా ప్రమాణం చేస్తారు. గాజని ఆవిడే చెప్పింది. నా కళ్లూ చెబుతున్నాయి. అయినా చెయ్యి దానంతటదే నోటి దగ్గరికి పోయింది. పూసలు ఒక్కొక్కటే జారాయి. కొక్కెం పక్క పూస కూడా జారింది. దాని రంగు కాస్త తేడాగా అనిపించి, ఇంకోసారి రుద్దాను.

గరుకు తగిలింది.

వాన చప్పుడు ఆగింది. నా వెనక, చాలా దగ్గర్లో... ఎవరో తృప్తిగా ఊపిరి వదిలారు. తిరిగి చూశాను. గోడ తప్ప ఏమీ లేదు. మళ్లీ రేకు మీద వాన మొదలైంది. సక్కుబాయి చాయ్ తెచ్చింది. గాజుపూసల మధ్య ఒక అసలు ముత్యం దొరికిందన్న సంతోషంలో హారం కొనుక్కుని వస్తూ ఆ ఊపిరి సంగతి నేనే మర్చిపోయాను.

ఇంటికొచ్చేసరికి అలేఖ్య గుమ్మంలో ఉంది. పెళ్లైన చాలా ఏళ్లకి పుట్టిన పిల్ల. ఐదో ఏడు. దానికి ఒళ్లు వెచ్చబడితే నాకు అన్నం సహించదు. నన్ను చూసి నవ్వింది. ముందు పన్ను లేదు.

"అన్నం తింటూ తింటూ ఆగిపోయింది. చూస్తే పన్ను లేదు" అన్నారు భరద్వాజ్. "మింగేసి ఉంటుందిలే, కంగారు పడకు."

"నిన్నటిదాకా అది కదలనేలేదు కదండీ!"

చిగురు మీద రక్తపు చుక్క లేదు. అలేఖ్య నా చెవి దగ్గరికొచ్చి గుసగుసగా చెప్పింది. "నేను మింగలేదమ్మా. ఎవరో తీసుకున్నారు. వేళ్లు చల్లగా ఉన్నాయి."

సక్కుబాయి గదిలో పంటికి తగిలిన గరుకు, వెనక వినబడ్డ ఊపిరి గుర్తొచ్చాయి. సాయంత్రం పడగ్గదిలో కిటికీ దగ్గర కూచుని హారం మళ్లీ తీశాను. ఆ ఒక్క పూసే, హారం తయారైనప్పటి నుంచీ అలా ఉందని తేలిపోతే మనసు కుదుటపడుతుందనుకున్నాను. దాని పక్క పూసని పంటికి ఆనించాను. నున్నగా ఉంది. అమ్మయ్య... ఇంకోసారి రుద్దాను.

గరుకు. నాలిక మీద ఉప్పగా... వెచ్చగా... రక్తం రుచి.

"అమ్మా..."

తలుపు దగ్గర అలేఖ్య నిలబడి ఉంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మెల్లగా దాని చెయ్యి తీశాను. పక్క పన్ను కూడా లేదు.

తెల్లారగానే సక్కుబాయి ఇంటికి పరుగెత్తాను. హారం చూడగానే ఆవిడ గోడకి జరిగింది.

"పంటికి పెట్టినవా?"

తలూపాను.

"నకిలీదే గావాలంటివి గద బిడ్డా! మళ్ల పంటికెందుకు పెడ్తివి? పెట్టవనుకొనే నీకిచ్చిన..." ఆవిడ హారం వైపు చూడకుండా చెప్పింది. "కష్టాలొచ్చి బేగం సాబ్ అసలు హారం అమ్ముకున్నది. అచ్చం గట్లనే గాజుతోని చేయించుకొని దావత్‌లకు ఏసుకపోతుండె. ఎవ్వరికీ ఎరుకలేదు. ఒకపారి చుట్టపామె ఒకతె అందరి ముంగట దాన్ని పంటికి రుద్దింది. నకిలీది అని నవ్వింది. అందరు నవ్విండ్రు. ఇంటికొచ్చినంక బేగం సాబ్ మళ్ల నోరు తెరువలె. మెతుకు ముట్టలె. గట్లనే పోయింది."

"ఇప్పుడేం కావాలి ఆవిడకి?"

"ఇంకోపారి పంటికి పెడితే నవ్వొద్దు, గంతే. అసలుదే అనాలె. గందుకే పంటికి పెట్టినోళ్ల పిల్లల పండ్లు తీసి పూసల జాగల పెట్టుకుంటది." సక్కుబాయి చేతులు జోడించింది. "నా ఇంట్ల పెట్టకు తల్లీ, మనుమరాలున్నది. నీళ్లల్ల ఏసెయ్. పాలపండ్లే గద... మళ్లొస్తయి."

నయాపూల్ మీద నుంచి మూసీలో విసిరేశాను. ఎర్రటి వరద దాన్ని మింగేసింది. ఇంట్లో ఉన్న గిల్టు నగలన్నీ మూటగట్టి పాతసామాన్లవాడికి ఇచ్చేశాను. ఆ తర్వాత అలేఖ్యకి ఏమీ కాలేదు. నేను మాత్రం రోజూ దాని నోరు తెరిపించి చూసేదాన్ని. నా పిల్ల మామూలుగా నవ్వితే చాలు, ఇంకేమీ వద్దని దేవుడికి మొక్కుకున్నాను.

మరుసటేడు చిగురు మీద తెల్లటి మొన తేలింది. సంతోషంతో ఏడ్చేశాను. పన్ను పూర్తిగా వచ్చాక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన టార్చి వేసి చాలాసేపు చూశాడు. అద్దం మార్చి మళ్లీ చూశాడు.

"ఇది ఎవరి దగ్గర చేయించారమ్మా?"

"ఏం చేయించటం?"

నన్ను దగ్గరికి రమ్మన్నాడు. పన్నుకి ఈ పక్క నుంచి ఆ పక్కకి, తిన్నగా, సూదిమొనంత రంధ్రం. "ఇంత సన్నగా తొలిచే పనిముట్టు నా దగ్గర లేదు" అన్నాడు.

పక్క పన్ను కూడా ఇప్పుడు సగం వచ్చింది. ఇవాళ మధ్యాహ్నం అలేఖ్య ఆటలో ఉన్నట్టుండి ఆగిపోయింది. తల కొంచెం పైకెత్తి, నోరు తెరిచి, అలాగే నిలబడింది. దగ్గరికెళ్లి భుజం పట్టుకున్నాను. ఒళ్లు మంచులా ఉంది.

"ఏమైందమ్మా?"

పెదవులు కదపకుండా గుసగుసలాడింది.

"కదలొద్దన్నారమ్మా... దారం ఎక్కిస్తున్నారు."