ముక్కు దించిన బీటిల్

మధ్యాహ్నం 1:45. ముంబై, కామాటిపుర తొమ్మిదో గల్లీ.

రితేశ్ గ్యారేజీలోంచి మెకానిక్ విక్కీ కేక వినబడింది.

పక్క దుకాణాల నుంచి ముగ్గురు పరిగెత్తుకొచ్చారు. పాత బీటిల్ కారు ముందు భాగాన్ని వాళ్లు చేతులతో ఎత్తి పట్టుకుంటే, కింద ఉన్న మనిషిని విక్కీ బయటికి లాగాడు.

గ్యారేజీ యజమాని రితేశ్. నలభై ఆరేళ్లు. ఛాతీ నలిగిపోయింది. ప్రాణం లేదు.

2:10కి సబ్ ఇన్‌స్పెక్టర్ ప్రాజక్త వచ్చింది. పదమూడో గల్లీలో, కూలీల ఇరుకు గదుల చాల్‌లో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. మరాఠీలో రిపోర్టులు రాస్తుంది, తెలుగులో తిడుతుంది.

"జాక్ జారింది మేడం. యాక్సిడెంట్ కేసు" అన్నాడు హవల్దార్ రాజు.

ప్రాజక్త నేల మీద బోర్లా పడుకుని కారు కిందికి టార్చ్ వేసింది.

కారును లేపే ట్రాలీ జాక్ నిటారుగా ఉంది. సరిగ్గా ముందు ఇరుసు నడుమ. పక్కకి ఒరగలేదు. కానీ పూర్తిగా దిగిపోయి ఉంది.

"విక్కీ, ఇది నువ్వు ముట్టుకున్నవా?"

"లేదు మేడం. మనిషిని లాగినం, బండిని మల్ల దాని మీదనే దించినం."

"ఎప్పుడు బయటికి పోయినవ్?"

"ఒకటి ఐదుకు. ఫోరస్ రోడ్డుకు. షాక్ అబ్సార్బర్ల బుష్షులు తేవాలె. వచ్చేసరికి పావు తక్కువ రెండు."

"సేఠ్ కారు కిందికి ఎందుకు దూరిండు?"

విక్కీ ముఖం తుడుచుకున్నాడు. ముప్పై ఏళ్ల మనిషి.

"ఈ బండికి ఇంజన్ ఎనక ఉంటది మేడం. గాలితోనే సల్లబడ్తది. ముంగట ఇరుసు అంటే రెండు గొట్టాలు, అంతే. ఆ గొట్టాలు నడుమ కోసి, అడ్జస్టర్లు పెట్టి వెల్డింగ్ చేస్తే ముక్కు ఎంత కావాలంటే అంత దిగుతది. నిన్న వెల్డింగ్ అయింది. ఇయ్యాల కొత్త టైర్లు ఎక్కించి, ఇద్దరం ముక్కు ఎత్తి కాలుతోని జాక్ గుంజి, మొదటిసారి చక్రాల మీద దించి కొలిచినం. ఎడమ దిక్కు అర ఇంచు ఎత్తు వచ్చింది. 'నువ్వు పో, నేను సరి చేస్త' అన్నడు సేఠ్."

"జాక్‌కు తోడు బండి కింద స్టాండ్లు పెట్టలేదా?"

"రోజు చెప్తుంటి. ఐకలేచ్ నాహీ, ఇననే ఇనలేదు. అయిదు నిమిషాల పనికి స్టాండ్ ఎందుకురా అంటడు."

"సేఠ్‌తోని నీకు లడాయి ఉందా?"

విక్కీ తల దించుకున్నాడు. "ఆయన దగ్గర పని చేసిన అందరికీ ఉంది మేడం."

ప్రాజక్త లేచి ముందు టైరు మీద చెయ్యి వేసింది. చేతికి బూడిద రంగు పొడి అంటింది. టైరు గాడుల్లో ఎండిన సిమెంటు ఇరుక్కుని ఉంది.

వెనక టైర్లు చూసింది. శుభ్రం. గ్యారేజీ నేలంతా నల్లటి ఆయిల్. ఎక్కడా సిమెంటు లేదు.

"ఈ టైర్లు ఎక్కించినంక బండి రోడ్డెక్కిందా?"

"లేదు. లోపలనే ఉంది."

ఆమె నోట్‌బుక్‌లో రాసుకుంది.

2:50. కారు యజమాని మంగేష్ వచ్చాడు. తెల్ల షర్టు, బుగ్గ వాచి ఉంది. కారు 1966 మోడల్. వాళ్ల నాన్నది.

"పన్నెండుంబావుకు మీరిక్కడ అరిచారట?" మరాఠీలో అడిగింది ప్రాజక్త.

"అరిచాను. ఆదివారం పాత కార్ల ర్యాలీ. మూడు వారాలుగా రేపు, రేపు అంటున్నాడు. నీ గ్యారేజీకి నిప్పు పెడతాను అన్నాను. కోపంలో అన్న మాట."

"ఒంటిగంటా ఇరవైకి ఎక్కడున్నారు?"

"దాదర్‌లో, పళ్ల డాక్టర్ కుర్చీలో. నోరు తెరుచుకుని."

రాజు ఫోన్ చేశాడు. నిజమే. ఫోరస్ రోడ్డు దుకాణం కెమెరాలో విక్కీ 1:12 నుంచి 1:35 దాకా కనిపించాడు. చావు 1:20 ప్రాంతంలో జరిగిందని శవాన్ని చూసిన పోలీసు డాక్టర్ ముందే చెప్పాడు.

ఇద్దరి మీదా అనుమానం పోయింది.

"అంటే యాక్సిడెంటే కద మేడం?" అన్నాడు రాజు.

"విక్కీ, ఆ జాక్‌తోని బండిని లేపు."

విక్కీ జాక్‌ను పంపు చేశాడు. బీటిల్ ముక్కు లేచింది. ప్రాజక్త వాచీ చూసుకుంటూ నిలబడింది. పది నిమిషాలు. ఇరవై. కారు వెంట్రుకవాసి కూడా దిగలేదు.

జాక్‌లో లోపం లేదు.

గ్యారేజీకి ఎదురుగా పాత చాల్ పడగొట్టి కొత్త బిల్డింగ్ కడుతున్నారు. గల్లీ మొత్తం మీద సిమెంటు ఉన్న చోటు అదొక్కటే. 3:40కి ప్రాజక్త అక్కడికి నడిచింది.

కూలీలను పనిలో నడిపించే ముకద్దం మొగులయ్య. మహబూబ్‌నగర్ వైపు మనిషి.

"ఒంటి గంటకు ఇక్కడ ఎవరున్నరు?"

"అందరు తిని పండుకున్నరు మేడం. రెండింటి దాక లంచ్. కర్రలు, చెక్క పలకలు ఎవరన్న ఎత్కపోతరని ఒకల్లను కావలి పెడ్త. ఇయ్యాల శిరీష ఉండె."

శిరీష ఇసుక జల్లెడ దగ్గర ఉంది. ఇరవై ఏడేళ్లు ఉంటాయి. తలకు తువ్వాలు. పిలిస్తే వచ్చింది. కళ్లు దించలేదు.

"గ్యారేజీ దిక్కు ఎవరన్న పోయింది చూసినవా?"

"లే."

"నువ్వు పోయినవా?"

"నాకేం పని ఆడ? ఎన్నడు పోలే."

"మొగుని పేరు?"

"అనిల్."

"ఏం చేస్తడు?"

"లేడు."

ప్రాజక్త పెన్ను ఆగింది. ఆ పేరు ఆమె ఎక్కడో రాసింది. తన చేత్తోనే.

4:30కి స్టేషన్ రికార్డు గదిలో ఉంది. గంటసేపు వెతికింది. రెండేళ్ల కిందటి ఫైలు దొరికింది. పంచనామా కింద సంతకం ఆమెదే. కొత్తగా చేరిన రోజుల నాటిది.

చదివింది. మళ్లీ చదివింది. ఫైలు చంకన పెట్టుకుని బయటికి వచ్చింది.

సాయంత్రం 6:15. అందర్నీ గ్యారేజీకి పిలిపించింది. విక్కీ, మంగేష్, మొగులయ్య, శిరీష. గుమ్మంలో రాజు.

"ఇది యాక్సిడెంట్ కాదు" అంది ప్రాజక్త. "జాక్ జారితే పక్కకి పడుతుంది. ఇది నిటారుగా ఉంది. పాడైతే మళ్లీ దిగుతుంది. ఇరవై నిమిషాలైనా దిగలేదు. ఇక మిగిలింది ఒకటే. జాక్ దిగేలా ఎవరో హ్యాండిల్ ఎడమకు తిప్పారు. కింద పడుకున్న రితేశ్‌కు హ్యాండిల్ అందదు."

ఆమె విక్కీ వైపు తిరిగింది.

"విక్కీ, ముక్కు దించినంక నేలకు, ఇరుసుకు సందెంత?"

"నాలుగు ఇంచులు."

"జాక్ ఎత్తు? పూర్తిగా దించితే?"

"అయిదున్నర." విక్కీ నోరు తెరుచుకుంది. "అరె... దూరదు మేడం. అసలు దూరదు!"

"దూరదు. నిన్నటి దాకా దూరింది, అందుకే మీకెవరికీ తట్టలేదు. ఇవాళే మొదటిసారి బండి కిందికి దిగింది. మళ్లీ ఎత్తాలంటే ముందు చక్రాల్ని దేని మీదికో ఎక్కించాలి. రితేశ్ ఎదురుగా చూశాడు. పలకలు కనిపించాయి. కేకేశాడు. పలకలు వచ్చాయి. కొత్త టైర్లకు సిమెంటు అంటింది అప్పుడే. బండి జాక్ మీద లేచాక చక్రాలు గాల్లో ఉంటాయి. పలకలు లాగేసుకోవచ్చు."

ఆమె రాజు వైపు చూసింది. రాజు రెండు పలకలు తెచ్చి గోడకి ఆనించాడు. సైట్ నుంచి తెచ్చినవి. వాటి మీది సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడు పడ్డ టైరు గుర్తులు ఎండిపోయి ఉన్నాయి. ఈ టైర్ల గుర్తులే.

"పలకల కాడ కావలి ఎవరు, మొగులయ్యా?"

మొగులయ్య శిరీష వైపు చూడలేకపోయాడు.

శిరీష తలకున్న తువ్వాలు విప్పింది. నెమ్మదిగా మడత పెట్టింది.

"నేనే" అంది.

"చెప్పు."

"నాలుగు నెలలాయె ఎదురుంగ ఇసుక జల్లవట్టి. రోజు చూస్తున్న. పొద్దున షట్టర్ లేపుడు, చాయ్ తాగుడు, నవ్వుడు. నా మొగనికి మట్టిల పెట్టెతందుకు మొకం గూడ మిగల్లే మేడం. ఈయన నవ్వుతుండె."

మంగేష్ గోడకి జరిగాడు.

"ఇయ్యాల ఈయనే పిలిచిండు. 'ఏ బాయీ, దో ఫల్లీ లా' అన్నడు. రెండు పలకలు తెచ్చిన. బండి లేపిండు. కిందికి దూరిండు. 'ఆడనే ఉండు, మల్ల పెట్టాలె' అన్నడు. పలకలు లాగి పక్కన పెట్టిన. ఒంగి అడిగిన."

"ఏమని?"

"'సేఠ్, అనిల్ యాదికున్నడా?' అని."

శిరీష మడత పెట్టిన తువ్వాలు మళ్లీ విప్పింది.

"'కోన్ అనిల్?' అన్నడు, ఎవడా అనిల్ అని. చేతిల పానా కూడ ఆపలే మేడం. తిప్పుకుంటనే అన్నడు. యాదికుంది, తప్పైంది అని ఒక్క మాట అంటే ఏం జేద్దునో నాకే తెల్వది. కోన్ అనిల్ అన్నడు. హ్యాండిల్ తిప్పిన. బండి దిగెదాక ఆడనే నిలవడ్డ. పలకలు ఎత్కోని పోయిన. నాకేం బాధ లేదు. రాసుకో."



ప్రాజక్త ఫైలు తెరిచింది. విక్కీ ముందు పెట్టింది.

"రెండేళ్ల కింద ఈ గ్యారేజీలనే, ఇట్లాంటి బండే. ఇదే పని. వెల్డర్ అనిల్ కాలి చచ్చిపోయిండు. 'మృతుడు బీడీ వెలిగించుట వలన' అని ఇందులో ఉంది. సాక్షి సంతకం నీది. ఈమెకు అసలు సంగతి ఎవరు చెప్పిండ్రు?"

విక్కీ అక్కడే నేల మీద కూలబడ్డాడు.

"నేనే చెప్పిన. నిద్ర పట్టక చెప్పిన." ఏడుస్తున్నాడు. "అనిల్ బీడీ తాగడు మేడం. ఆ గొట్టాలకు జానెడు పైన పెట్రోల్ ట్యాంకు ఉంటది. వెల్డింగ్‌కు ముందు ట్యాంకు తీసి పక్కన పెట్టాలె. అనిల్ తీస్త అన్నడు. టైం లేదు, అట్లనే కొట్టు అన్నడు సేఠ్. మంట లేసింది. సేఠ్ బయటికి ఉరికి షట్టర్ దించేసిండు. మంట పక్క దుకాణాలకు పోవద్దని. లోపల అనిల్ షట్టర్ కొడుతుండె. నేను సేఠ్ పక్కనే నిలవడ్డ. షట్టర్ లేపలే."

శిరీష అతని వైపు చూడలేదు.

ప్రాజక్త విక్కీ ముందున్న ఫైలు తీసి మూసింది. ఆ రోజు ఆమె రితేశ్ ఇచ్చిన కూల్‌డ్రింక్ తాగుతూ, అతను చెప్పింది చెప్పినట్టు రాసింది. పావుగంటలో ముగించి, మరిచిపోయింది కూడా. షట్టర్ లోపలి వైపు చూడాలన్న ఆలోచన కూడా రాలేదు.

"రాజూ, ఈమెను తీసుకెళ్లు. చెయ్యి పట్టుకోవద్దు. నడుస్తుంది."

శిరీష గుమ్మం దాటుతూ ఆగింది. "నాకు ఉరి పడ్తదా మేడం?"

"తెలియదు. కోర్టు చెప్తది."

"పడితె పడనీ."

ఆమె జీపెక్కింది. గల్లీ జనం దారి ఇచ్చారు. మొగులయ్య దూరంగా నిలబడి తలపాగా తీశాడు.

ప్రాజక్త సీనియర్ ఇన్‌స్పెక్టర్‌కు ఫోన్ చేసింది.

"కేసు తేలింది సార్. అరెస్ట్ చేశాను. ఇంకొకటి. రెండేళ్ల కిందటి అనిల్ కేసు మళ్లీ తెరవాలి. యాక్సిడెంట్ కాదు. సాక్షి దొరికాడు."

అవతల చిరాకు. "ముగిసిన కేసు మళ్లీ ఎందుకు? దానికి పంచనామా రాసిన మూర్ఖుడెవరు?"

కింద కూర్చున్న విక్కీ తలెత్తి ఆమెను చూశాడు.

"నేనే సార్" అంది ప్రాజక్త.