జమ్ము మడి దాహం

మా అద్దకం ఫ్యాక్టరీ వెనక జమ్ము మడి ఒకటుంది. బట్టలకు రంగులద్దగా మిగిలిన మురుగునీళ్ళన్నీ అందులోకే వదులుతారు. పైన కంకర, కింద నీళ్ళు, ఆ కంకరలోంచి లేచిన మనిషెత్తు జమ్ముగడ్డి. దాని వేర్లు రంగునీ విషాన్నీ పీల్చేస్తే, నీళ్ళు అవతలి గట్టున తేటగా బయటికొస్తాయి. ఆ మడిని చూసుకోవడం నా పని.

మా ఆయన ఏళ్ళ తరబడి లోపల రంగుతొట్ల దగ్గర చేశాడు. ఆయన చెమటకి దిండు గలీబు నీలంగా మారేది. "మిమ్మల్ని పిండితే ఓ చీర అద్దుకోవచ్చు," అని ఏడిపించేదాన్ని. దగ్గు ముదిరాక ఆ వేళాకోళం మానేశాను.

ఈమధ్య యంత్రం పాడై ఫ్యాక్టరీ మూసేశారు. మురుగు రాక మడి ఎండిపోసాగింది. ఆయన మాత్రం రోజూ సాయంత్రం వెళ్ళి, చల్లగా ఉందంటూ కంకరలో పాదాలు దూర్చుకుని కూర్చునేవాడు. చిత్రంగా దగ్గు తగ్గింది. గలీబు తెల్లగా ఉంటోంది. నిజం చెప్పొద్దూ, ఆ జమ్ముకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. ఆయన కూర్చునే చోట మాత్రమే అది పచ్చగా ఎందుకుందో ఆలోచించలేదు.

ఆ వేళ పొద్దుగూకినా ఆయన ఇంటికి రాలేదు. వెతుక్కుంటూ వెళ్ళాను. తడి ఇనుము వాసన. గాలి లేదు. అయినా జమ్ము గరగరమంటోంది. మొత్తం ఆయన వైపే వంగి ఉంది.

"ఏమండీ... లేవండి."

"ఇంకాసేపు..."

గొంతు ఆయనదే. మొహం సున్నం కొట్టినట్టుంది. పెదాల్లో కూడా రంగు లేదు. చెయ్యి పట్టి లాగాను. కదల్లేదు. కంకర తోడాను... వెంట్రుకంత సన్నటి వేర్లు. మడమలకి చుట్టుకుని లేవు... లోపలికి దిగి ఉన్నాయి.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. గట్టున పెట్టుకునే జమ్ము కొడవలితో వాటిని కోసేశాను. తెగిన వేర్లలోంచి నీలం కారింది... తర్వాత ఎరుపు.

"ఎందుకే కోశావు..." అని గొణిగాడు.

ఎలా మోసుకొచ్చానో నాకే తెలీదు. ఇంట్లోకి తెచ్చి తలుపు గడియ వేశాను. ఊపిరి ఆడుతోంది. మనిషి దక్కాడు, అంతే చాలనుకుని ఏడ్చాను. స్నానాల గదిలో పీట మీద కూర్చోబెట్టి, పాదాల మీద చెంబుతో నీళ్ళు పోశాను. మళ్ళీ పోశాను. బకెట్ ఖాళీ అయింది.

ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు.

"ఇంకా పొయ్యవే..."

కిందికి చూశాను. గచ్చు పొడిగా ఉంది.