నల్లమల తేనె, మూడో దమ్ము

"మూడు దమ్ములకు మనిషి పోతాడు," అంది చీఫ్ వందన. "రెండో దమ్ముకే నీకు తెలిసిపోతుంది. కాబట్టి భయపడాల్సిన పనిలేదు."

మహీధర్‌కు భయం అక్కడే మొదలైంది.

నంద్యాలలో ఒక పత్తి విత్తనాల దుకాణం వెనక గది అది. ముందు గదిలో రైతులు ప్యాకెట్లు తిప్పి చూసుకుంటూ బేరాలాడుతున్నారు. వెనక గదిలో టేబుల్ మీద ఒక పైపు, ఒక చేతికర్ర, ఒక ముసలాయన ఫొటో ఉన్నాయి.

"డాక్టర్ చెన్నకేశవులు," అంది వందన ఫొటో చూపిస్తూ. "సముద్రం అడుగున శత్రువుల సబ్‌మెరైన్ కదిలితే పసిగట్టే మెషీన్ చేస్తున్నాడు. డిజైన్ సగం కంప్యూటర్‌లో ఉంది. మిగతా సగం ఆయన తలకాయలో ఉంది. ఆయన పోతే ప్రాజెక్ట్ కూడా పోయినట్టే. 'ఆర్కిడ్' అనే ఫారిన్ ముఠాకు కావాల్సింది అదే."

"ఎప్పుడు?"

"రేపు మధ్యాహ్నం. ఆళ్లగడ్డలో. ఆయన చిన్ననాటి ఫ్రెండ్ రామమోహన్ పొగాకు వ్యాపారి. ఇక్కడి ఆకుతో, ఫ్లేవర్లు కలిపి నాలుగు రకాల పైపు పొగాకు చేయించాడు. రేపు జడ్జీలు కూర్చుని రుచి చూసి ఒకదాన్ని ఎంపిక చేస్తారు. వాళ్లలో డాక్టర్ ఒకడు. పోవద్దంటే వినడు. ఆయనకు దేశం ఒక పిచ్చి, పైపు ఒక పిచ్చి."

"విషం ఎందులో పెడతారు?"

"పొగాకులో, అని మన అనుమానం. ఎవరు పెడతారో తెలియదు. నువ్వు చీఫ్ జడ్జివి. ప్రతి రకం ఆయనకంటే ముందు నువ్వు వెలిగిస్తావు." వందన పైపు చేతికిచ్చింది. మూతి దగ్గర సన్నటి తెల్ల పట్టీ ఉంది. "విషం తగిలితే రెండో దమ్ముకు ఇది నీలంగా మారుతుంది."

"మారకపోతే మేడమ్?"

"అప్పుడు నువ్వు మారతావు."

ఆమె నవ్వలేదు. విరుగుడు ఇంజెక్షన్ పెన్ను ఒకటి ఇచ్చి, మూడో దమ్ముకు ముందైతేనే పనిచేస్తుందని చెప్పి, చేతికర్ర ఎత్తి చూపించింది. అందులో కెమెరా, ట్రాన్స్‌మిటర్, లోపల సన్నటి కత్తి ఉన్నాయట.

"నీ పేరు రొనాల్డ్ డికోస్టా. పుట్టింది పెరిగింది లిస్బన్. తెలుగు ఒక్క ముక్క రాదు. అక్కడ రక్షిత అని ఒకామె ఉంటుంది. ఫ్లేవర్ కంపెనీ తరఫున వస్తుంది. ఆర్కిడ్‌కు పనిచేస్తుంది, ఆరు నెలలుగా మనకూ పనిచేస్తుంది. చివరికి ఎటు తిరుగుతుందో చెప్పలేను. ఆమె మన మనిషే అయితే, 'ఈ ఆకు ఎండలో ఆరిందా, నీడలో ఆరిందా' అని అడుగుతుంది."

"నేను?"

"వెన్నెల్లో, అను."

మహీధర్ గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, మా నాయన ఈ ఊళ్లోనే ఉన్నాడు. రెండు వీధులవతల."

"తెలుసు. ఆయన లెక్కలో నువ్వు హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ ఆఫీసర్‌వి. అలాగే ఉండు."

*

ఆళ్లగడ్డలో శిల్పుల షెడ్లు దాటాక రామమోహన్ గోడౌన్ ఉంది. ఉలి చప్పుళ్లు అక్కడిదాకా వినిపిస్తున్నాయి. గోడౌన్ పక్కనే ఇల్లు. మధ్యలో ఒక తలుపు. లోపలంతా పొగాకు బేళ్లు, బెల్లప్పాకం లాంటి తియ్యటి ఘాటు.

మహీధర్ తెల్ల సూటు, అతికించిన గడ్డం, చేతికర్రతో లోపలికి అడుగుపెట్టాడు. గడ్డం కింద చెమట కారుతోంది. గోకితే ఊడివస్తుందని గోకడం లేదు.

"హలో, జెంటిల్‌మెన్," అన్నాడు.

రామమోహన్ అరవై దాటిన మనిషి. చేతులు జోడించి నవ్వాడు. నవ్వుతూనే పక్కనున్న డాక్టర్‌తో తెలుగులో అన్నాడు. "ఏమప్పా కేశవా, ఈయప్ప జడ్జియా, బ్యాండు మేళం మాస్టరా? ఆ సూటేంది, ఆ గడ్డమేంది?"

"ఊరుకో రామూ. వినపడుతుంది."

"వినపడితే ఏం? తెలుగు రాదంట కదా. మేకపోతు గడ్డం మాదిరుండాది."

మహీధర్ ఏమీ అర్థం కానట్టు తల ఊపి, "వెరీ నైస్ ప్లేస్," అన్నాడు.

టేబుల్‌కు అవతల రక్షిత కూర్చుంది. నల్ల చీర, జడలో వెండి పిన్ను. ఆమె కళ్లు మహీధర్ గడ్డం మీద ఒక్క క్షణం ఆగి పక్కకు తిరిగాయి. ఏ కోడ్ మాటా అనలేదు.

అతని పక్క కుర్చీలోకి ఒక కుర్రాడు వచ్చి కూర్చున్నాడు. ముప్పై ఏళ్లుంటాయి.

"నా పేరు సందీప్ అన్నా, ఈ మేడమ్ కంపెనీనే. మాది గోస్పాడే," అన్నాడు రామమోహన్‌తో. "బ్రస్సెల్స్‌లో ఫ్లేవర్ల పని నేర్చుకున్యా. ఈ నాలుగో రకం, నల్లమల తేనె కలిపింది, నేను చేసిందే."

"గోస్పాడోనివా? మాట వింటే తెలుస్తాంది లే," అన్నాడు రామమోహన్ సంతోషంగా.

మహీధర్ కూడా అదే అనుకున్నాడు. గోస్పాడు నంద్యాల పక్కనే. అచ్చం తమ ఊరి మాట. అతని మీద అనుమానం సగం తగ్గింది.

మొదటి డబ్బా తెరిచారు. బెల్లం, రమ్ము. మహీధర్ క్రాష్ కోర్సులో నేర్చుకున్నట్టు ముందు వాసన చూశాడు. చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపి తడి ఎంతుందో చూశాడు. పైపులో వదులుగా నింపాడు. మొదటి అగ్గిపుల్ల ఆరిపోయింది. రెండో పుల్లకు అంటుకుంది.

ఒక దమ్ము. నాలుక చివర చురుక్కుమంది. అది పొగాకు మంటా, విషమా?

రెండో దమ్ము. కళ్లు దించి పట్టీ చూశాడు. తెల్లగానే ఉంది.

"ఎక్సలెంట్," అన్నాడు. గొంతు కీచుమంది. అప్పుడు డాక్టర్ వెలిగించాడు.

"నాలుక కొరుకుతాండాది రామూ. బెల్లం ఎక్కువేసినావు."

"నీ నాలుకే అంత. చిన్నప్పట్నుంచీ మిరపకాయ బజ్జీ తినలేనోనివి."

రకానికీ రకానికీ మధ్య నోరు శుభ్రం కావడానికి గుప్పెడు బొరుగులు, ఒక గుక్క నీళ్లు. ఏలకుల రకం అయింది. పట్టీ తెల్లగానే ఉంది. బనగానపల్లె మామిడి రకం అయింది. పొగ తియ్యగా, చల్లగా దిగింది. బూడిద కూడా తెల్లగా వచ్చింది. ఇంకోసారైతే ఆ రుచికి మహీధర్ కళ్లు మూసుకునేవాడు. ఇప్పుడు రెప్ప వేయడానికి కూడా ధైర్యం లేదు. మూడింట్లో లేదంటే నాలుగోదాంట్లో ఉన్నట్టే.

నల్లమల తేనె డబ్బా తెరిచారు.

మహీధర్ వెన్నులో చెమట గీతలా జారింది. నాయన గుర్తొచ్చాడు. నిన్న నంద్యాలలో రెండు వీధులవతల ఉండి కూడా ఒకసారి చూసి రాలేదే అనుకున్నాడు. వెలిగించాడు. ఒక దమ్ము. అడవి తేనె చిరుచేదు. రెండో దమ్ము.

పట్టీ తెల్లగానే ఉంది.

ఊపిరి వదిలాడు. అంటే విషం లేదు. సమాచారం తప్పు. అందరూ వెలిగించారు. సందీప్ ఎడమ జేబులోంచి బూడిద నొక్కే చిన్న ఇత్తడి పుల్ల తీసి తన పైపులో నొక్కుకుని, మళ్లీ ఎడమ జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు ఇంటి వైపు తలుపు అవతల నుంచి ఒక చప్పుడు వినిపించింది.

ఠక్. ఠక్. తర్వాత చెప్పు ఈడ్చుకున్న చప్పుడు. మళ్లీ ఠక్. ఠక్.

రామమోహన్ మొహం పాలిపోయింది. "నాయన లేసినాడు," అన్నాడు నోట్లోనే. అతని పైపు వీపు వెనక్కి పోయింది. డాక్టర్ పైపు కూడా పోయింది. మూలన బేళ్లు కడుతున్న ఇద్దరు బీడీలు కాలి కింద వేశారు.

తలుపు తెరుచుకుంది. పెద్దాయన నరసింహులు కర్ర మీద వాలి నిలబడ్డాడు. తొంభై ఏళ్ల మనిషి. గోడౌన్ నిండా మబ్బులా పొగ.

"ఏందిరా ఈ వాసన?"

"ఏం ల్యా నాయనా. ఆకుకు తేనె పట్టిస్తాండాం."

"తేనెకు ఇంత పొగొస్తాదా?"

రామమోహన్, డాక్టర్ బేళ్ల వంక చూశారు. ఒక్క సందీప్ మాత్రం కుర్చీలో కాలు మీద కాలేసుకుని, పైపు పళ్ల మధ్య అలాగే ఉంచి, పొగ వదులుతూ అన్నాడు. "నమస్కారం పెద్దాయనా. బాగుండావా?"

పెద్దాయన అతన్ని ఒకసారి పైకీ కిందికీ చూశాడు. ఏమీ అనకుండా వెనక్కి తిరిగాడు. ఠక్. ఠక్. చెప్పు చప్పుడు. తలుపు మూసుకుంది.

మహీధర్ కళ్లు సందీప్ పైపు మీద ఆగాయి. గోస్పాడులో పుట్టినవాడు, తొంభై ఏళ్ల ముసలాయన ఎదురుగా వస్తే నోట్లో పైపు ఉంచుకుంటాడా? ముఠావాళ్లు వీడి నాలుకకు ట్రైనింగ్ ఇచ్చారు. చేతికి ఇవ్వలేదు.

ఆ సంగతి తట్టిన తర్వాత తన అరచెయ్యి కాలుతున్న సంగతి తెలిసింది. కాలుతున్న పైపును తాను కూడా వీపు వెనక దాచి పట్టుకుని ఉన్నాడు.

లిస్బన్‌లో పుట్టి పెరిగిన రొనాల్డ్ డికోస్టా.

డొక్కలో గట్టిగా ఏదో తగిలింది. సందీప్ నవ్వు మొహంతో దగ్గరికి వంగాడు. టేబుల్ కింద అతని కుడి చేతిలో తుపాకి.

"లిస్బన్‌లో గూడా పెద్దోళ్ల ముందర పైపు దాస్తారా సార్?" అన్నాడు చెవిలో. "నేనూ తప్పు చేసినా, నువ్వూ తప్పు చేసినావ్. కాకపోతే ఇది నా చేతిలో ఉండాది. నోరు తెరిస్తే ముందు ఆ డాక్టరు ముసలోడు పోతాడు, తర్వాత నువ్వు."

మహీధర్ రక్షిత వైపు చూశాడు. ఆమె అన్నీ చూసింది. బొరుగులు ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటోంది.

"నా పైపు ఆరిపోయింది," అన్నాడు డాక్టర్, చెయ్యి ముందుకు తెస్తూ.

"ఇట్లియ్యన్నా, బూడిద నొక్కి ఇస్తా." సందీప్ ఎడమ చెయ్యి చాచాడు. పైపు తీసుకుని టేబుల్ మీద నిలబెట్టాడు. ఈసారి ఇత్తడి పుల్ల కుడి జేబులోంచి వచ్చింది, ఎడమ చెయ్యి అడ్డంగా పోయి తీసింది. రెండో పుల్ల. దాని అడుగున మైనం లాంటి మెరుపు. మెల్లగా నొక్కి, పైపు తిరిగి ఇచ్చాడు.

పొగాకులో కాదు. పుల్లలో. డాక్టర్ కోసమే తెచ్చిన పుల్లలో.

డాక్టర్ వెలిగించాడు. ఒక దమ్ము. "ఆహా. ఇది బాగుండాది రామూ."

మహీధర్ పెదవులు కదిలాయి. తుపాకి మూతి పక్కటెముకల మధ్యకు దిగింది. కర్రలో కత్తి ఉంది. మీట నొక్కాడు. బిగుసుకుపోయింది. మళ్లీ నొక్కాడు. రాలేదు. ట్రాన్స్‌మిటర్ అందుకునే వందన నంద్యాలలో ఉంది.

రెండో దమ్ము. డాక్టర్ దగ్గాడు. నుదుటి మీద చెమట పట్టింది. "ఉక్కపోస్తాంది గదప్పా ఈడ," అన్నాడు. పైపు మళ్లీ పెదవుల దాకా లేచింది.

మహీధర్ చేతిలో మిగిలింది ఉత్త కర్ర.

దాన్ని ఒక్క అంగుళం ఎత్తి బండల మీద వదిలాడు. ఠక్. ఠక్. బూటు మెల్లగా వెనక్కి ఈడ్చాడు.

డాక్టర్ పైపు మెరుపులా వీపు వెనక్కి పోయింది. రామమోహన్ పైపు పోయింది. మూలన బీడీలు మళ్లీ కాలి కింద పడ్డాయి.

ఈసారి సందీప్ కూడా దాచాడు. పాఠం త్వరగానే నేర్చుకున్నాడు. తలుపు వైపు చూస్తూ నోట్లో పైపు చటుక్కున లాగి వీపు వెనక పెట్టాడు. ఎడమ చేతిలో విషం పుల్ల ఉంది. అందుకని లాగింది కుడి చేత్తో.

తుపాకి అతని ఒళ్లో ఉండిపోయింది.

మహీధర్ కుర్చీతో సహా అతని మీద పడ్డాడు. ఇద్దరూ బేళ్ల మధ్య దొర్లారు. తుపాకి బండల మీద జారిపోయింది. గడ్డం సగం ఊడింది. మహీధర్ గొంతు చించుకుని అరిచాడు.

"అన్నా, ఆ పైపు పడేయ్‌ప్పా. ఇంకోటి లాగితే పోతావ్."

డాక్టర్ చేతిలోంచి పైపు జారి పడింది.

తల ఎత్తేసరికి తుపాకి రక్షిత చేతిలో ఉంది. దాని మూతి మహీధర్ నుదురుకు ఎదురుగా ఉంది. ఉలి చప్పుళ్లు కూడా ఆగినట్టు అనిపించింది. సందీప్ కింద పడి ఉండే నవ్వాడు.

"కాల్చు రక్షితా. బిరీన."

ఆమె రెప్ప వేయలేదు. "మిస్టర్ డికోస్టా," అంది. "ఈ ఆకు ఎండలో ఆరిందా, నీడలో ఆరిందా?"

మహీధర్ నోరు ఎండి బొరుగులా ఉంది.

"వెన్నెల్లో," అన్నాడు.

తుపాకి మూతి సందీప్ వైపు తిరిగింది. "ఇంత ఆలస్యంగా అడుగుతావా?" అన్నాడు మహీధర్, వేలాడుతున్న గడ్డం పీకేస్తూ.

"ఎవరు గెలుస్తారో చూడాలి గదా," అంది రక్షిత. అందులో ఎంత వేళాకోళమో, ఎంత నిజమో అతనికి ఎప్పటికీ తెలియలేదు.

మహీధర్ కోటు లోపలి నుంచి విరుగుడు ఇంజెక్షన్ పెన్ను తీసి డాక్టర్ తొడలో గుచ్చాడు. డాక్టర్ వాంతి చేసుకుని, గోడకు ఆనుకుని, కాసేపటికి నీళ్లడిగాడు. బతికాడు.

రామమోహన్ ఇంకా అలాగే నిలబడి ఉన్నాడు. "ఈయప్పకు తెలుగొస్తాదా?" అన్నాడు. "అయితే ఇందాక నేను మేకపోతు గడ్డమన్నేది..."

"విన్నాలే అన్నా."

ఇంటి వైపు తలుపు తెరుచుకుంది. ఈసారి నిజంగానే పెద్దాయన. "నా కర్ర నా చేతిలోనే ఉండాది. ఆ చప్పుడు ఎవునిదిరా?" అన్నాడు. కింద బేళ్ల తాడుతో కట్టేసిన సందీప్‌ను చూశాడు. "వీడు నేనొచ్చినా పైపు దించల్యా. అప్పుడే అనుకున్యా, ఈడోడు కాదని. మీరంతా యాభై ఏండ్లుగా నేనొస్తే చొక్కాలు కాల్చుకుంటాండారు. నాకు తెలీదనుకున్యారా?"

రామమోహన్ తల దించుకున్నాడు. పైపు మాత్రం ముందుకు తేలేదు.

*

"వెల్ డన్," అంది వందన ఫోన్‌లో. "ఏ రకం గెలిచింది?"

"మామిడి మేడమ్."

"కర్ర పనికొచ్చిందా?"

"కత్తి రాలేదు. ట్రాన్స్‌మిటర్ సంగతి చూసేంత తీరిక లేదు. కర్ర బాగా పనికొచ్చింది."

ఫోన్ పెట్టేసి, గోడౌన్ బయట నీడలో నిలబడ్డాడు. డాక్టర్‌ను తీసుకెళ్లిన జీపు లేపిన దుమ్ము ఇంకా అణగలేదు. పైపులో కాస్త మామిడి రకం నింపుకుని వెలిగించాడు. అలవాటుగా పట్టీ చూసుకున్నాడు. తెల్లగానే ఉంది. మొదటిసారి రుచి తెలిసింది.

ఫోన్ మళ్లీ మోగింది.

"ఏం నాయనా, యాడుండావ్? గొంతు ఏందో మాదిరుండాది," అన్నాడు నాయన నంద్యాల నుంచి.

"హైదరాబాదులోనే నాయనా. ఆఫీసులో ఉండా. కొంచెం జలుబు."

ఫోనుకు కళ్లుండవని అతనికి తెలుసు. మూడు రకాల శత్రువుల మధ్య పనిచేసిన ఏజెంటు. అయినా మాట పూర్తయ్యేలోపే పైపు పట్టుకున్న చెయ్యి, కాలిన అరచేత్తోనే, వీపు వెనక్కి పోయింది.